కోపమొచ్చిన కొండచిలువ: ఒక బాల్ పైథాన్ కేసు

నా క్లినిక్‌కు వచ్చేవాటిలో కుక్కలు, పిల్లులే ఎక్కువ. చుట్టుపక్కల ఊళ్ల నుంచి గేదెలకీ గొర్రెలకీ పిలుపులొస్తాయి. పాములు అరుదు. వచ్చినా వలలో చిక్కి ఒళ్లు కోసుకుపోయిన జెర్రిపోతో, ట్రాక్టరు కింద నలిగిన కొండచిలువో అటవీ శాఖ వాళ్ల చేతుల మీదుగా వస్తుంది. పెంపుడు పాము కేసు ఒకటి పూర్తిగా, మొదటి నుంచి కోలుకునేదాకా చూసే వీలు దొరికింది కాబట్టి వివరంగా రాస్తున్నాను. పాములు పెంచేవాళ్లు ‘దీని స్వభావమే అంత’ అంటుంటారు. ఆ స్వభావంలో పాముది ఎంత, పాముని పెట్టిన పెట్టెది ఎంత అన్నది ఈ కేసులో కొంతవరకు విడదీసి చూడగలిగాం.

పాము పేరు చిట్టి. ఆడ బాల్ పైథాన్, అంటే కొండచిలువల్లో చిన్న విదేశీ జాతి. సుమారు నాలుగేళ్లు, పెంపకంలోనే పుట్టింది. పొడవు నాలుగు అడుగులకు కాస్త తక్కువ. యజమాని నెల్లూరులో తల్లితో కలిసి ఉంటూ కృష్ణపట్నం వైపు షిఫ్టు ఉద్యోగం చేసే యువకుడు. మే నెలాఖరున, రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల్లో, పాముని దిండు గలీబులో వేసి మూతి కట్టి, ఆ గలీబుని గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని తెచ్చాడు. పాముని తీసుకెళ్లే పద్ధతి అదే. మెడలో వేసుకుని బైకు మీద వచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

“చిట్టికి నా మీద కోపం వచ్చింది సార్. రెండు నెలల్నించి ఏమీ తినడం లేదు. చెయ్యి పెడితే బుస కొడతా ఉంది. మొన్న కొరికింది కూడా” అని చూపుడు వేలు చూపించాడు. సన్నటి చుక్కల వరుస, మానిపోతోంది. విషం లేని పాము, పళ్లు చిన్నవి, వేలికి ప్రమాదం లేదు. మనసుకే దెబ్బ తగిలినట్టుంది. అంతకుముందు రెండేళ్లలో ఒక్కసారి కూడా నోరు తెరవని పాము అది. వెంట వచ్చిన తల్లి మాత్రం, “పాము కదా నాయనా, పగబట్టింది. ఏదో తప్పు జరిగుంటాది” అంది.

నేను ముందు కాగితాలు అడిగాను. ఎవరొచ్చినా అడుగుతాను. బాల్ పైథాన్ మన దేశపు పాము కాదు. ఘనా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల నుంచి మధ్య ఆఫ్రికా దాకా ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించాక, అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం జాబితాల్లోని విదేశీ జంతువులు నాలుగో షెడ్యూల్లోకి వచ్చాయి. 2024 నిబంధనల ప్రకారం వాటిని పెంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్ ద్వారా వివరాలిచ్చి రిజిస్టర్ చేయించుకోవాలి. ఈ అబ్బాయి దగ్గర కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. మన చెరువు గట్ల మీదా కొండల అంచుల్లోనూ కనిపించే కొండచిలువ సంగతి పూర్తిగా వేరు. అది అదే చట్టంలో మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. ఎంత సాధువుగా కనిపించినా ఇంట్లో పెట్టుకోవడం నేరం, జైలు దాకా పోతుంది. ‘పొలంలో దొరికింది సార్, ఎత్తుకుంటే ఏమీ అనడం లేదు, పెంచుకోవచ్చా’ అని అడిగేవాళ్లకు అటవీ శాఖకు ఫోన్ చెయ్యమనే చెబుతాను. పట్టుకున్న అడవి పాము ఏమీ అనకుండా ఉంటే భయంతో బిగుసుకుపోయిందనో, కడుపునిండా తిని కదల్లేకుండా ఉందనో అనుకోవాలి.

బాల్ పైథాన్ సాధుత్వం గురించి ఇక్కడే నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే చిట్టిలో వచ్చిన మార్పు ఎంత పెద్దదో అర్థం కాదు. భయపడితే తలని మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. ఆ పేరు అందుకే వచ్చింది. కాటు వెయ్యడం దానికి చివరి దారి. అడవిలో పగలంతా ఎలుక బొరియల్లో, చెద పుట్టల్లో గడిపి రాత్రి బయటికొస్తుంది. ఈ మాట చెప్పేసరికి తల్లి ముఖం వెలిగింది: “పుట్టలోనే ఉంటాదా సార్?” నాగుల చవితికి ఆమె పాలు పోసే పుట్టా చెదలు కట్టిందే. బెనిన్‌లోని ఉయిదా ఊళ్లో ఈ పాములకి గుడి ఉందని, అక్కడి జనం వాటిని చంపరని చెప్పాను. ఆమెకి అప్పటిదాకా ఆ పాము కొడుకు పిచ్చి. ఆ రోజు నుంచి కాస్త మర్యాద పెరిగినట్టుంది. కాకపోతే ఆ మర్యాద ఇంకో చిక్కు తెచ్చింది, అది తర్వాత చెబుతాను.

పరీక్షలో కనిపించినవి

బరువు 1,380 గ్రాములు. అబ్బాయి ఎక్సెల్ షీటులో నెలనెలా బరువు రాసుకుంటాడు, దాంట్లో మార్చిలో 1,510 ఉంది. అంటే తొమ్మిది శాతం దాకా తగ్గింది. రెండు నెలలు తినలేదన్న ఒక్క మాటతో నేను కంగారు పడను. బాల్ పైథాన్లు నెలల తరబడి ఉపవాసం చేసి, తమంతట తామే మళ్లీ మొదలుపెట్టడం మామూలే. ముఖ్యంగా జత కట్టే కాలంలో మగవి తిండి మానేస్తాయి. ఆడవి అండాలు తయారవుతున్నప్పుడు మానేస్తాయి. అందుకని అల్ట్రాసౌండ్ చేశాను. పెద్ద ఫాలికిల్స్ (అండాలు పెరిగే సంచులు) లేవు. నోట్లో పుండ్లు, చీము లేవు. ముక్కు దగ్గర నురగ లేదు, ఊపిరిలో గురక లేదు. తెల్ల టిష్యూతో ఒళ్లంతా తుడిస్తే నల్ల చుక్కలు అంటలేదు, అంటే పురుగులు లేవు. వెల్లకిలా తిప్పితే వెంటనే సర్దుకుంది, తల ఆకాశం వైపు వంకరపోవడం లాంటి నరాల లక్షణాలు లేవు.

దొరికినవి రెండు. ఒకటి ఎడమ కన్ను. పాములకి కనురెప్పలుండవు, కంటిమీద పారదర్శకమైన పొలుసు ఒకటి ఉంటుంది. కుబుసం విడిచినప్పుడు ఆ పొలుసు పై పొర కూడా ఊడి రావాలి. చిట్టికి ఎడమ కంటి పొర ఊడలేదు. కన్ను మసకగా, అంచుల్లో ముడతలుగా ఉంది. తోక చివర కూడా పాత కుబుసం ఉంగరంలా అతుక్కుని ఉంది. రెండోది పొట్ట. నడిమి భాగంలో జానెడు మేర పొట్ట పొలుసులు గోధుమ రంగుకి తిరిగి ముడుచుకుపోయాయి, రెండు మూడు చోట్ల నీటి పొక్కుల్లాంటివి ఉన్నాయి. అక్కడ వేలు ఆనగానే బుస కొట్టింది. అది కాలిన గాయం.

“కాలడమేంది సార్, నేనేం కాల్చలేదే” అన్నాడు అబ్బాయి. నిజమే చెబుతున్నాడు. రోజూ పొద్దున్నే థర్మామీటరు చూస్తాడట. 29 డిగ్రీలు ఉంటుందట.

పెట్టె దగ్గర

పాము కేసులో సగం చరిత్ర పెట్టె చెబుతుంది. ఇల్లు చూడకుండా మందు రాస్తే నెల తిరక్కుండా అదే పాము అదే జబ్బుతో తిరిగొస్తుంది. సాయంత్రం క్లినిక్ మూశాక వెళ్లాను. మేడ మీద పడమటి గది. గాజు ట్యాంకు ఆ పడమటి గోడకి ఆనించి ఉంది. అడుగున ఒక చివర హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచటి పట్ట), వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేకుండా నేరుగా ప్లగ్గులో పెట్టారు. పాము దూరి దాక్కోవడానికి ఒకే ఒక గుహ, అదీ మ్యాట్ పైనే. డయల్ థర్మామీటరు గాజుకి పైభాగాన అతికించి ఉంది, పాము పొట్ట ఉండే చోటికి అడుగున్నర ఎత్తున.

ఇదే ఏర్పాటు రెండేళ్లు నడిచింది కదా, ఇప్పుడేం మారింది? మారింది అబ్బాయి డ్యూటీ. మార్చి నుంచి అతనికి రాత్రి షిఫ్టు పడింది. అంతకుముందు పగలు గది వేడిగా ఉండేది, రాత్రి అతను వచ్చి ఏసీ వేసుకుని పడుకునేవాడు. రాత్రి చల్లగా ఉన్నప్పుడు మ్యాట్ కాస్త వెచ్చదనం ఇచ్చేది. ఇప్పుడు తలకిందులైంది. పగలు అతను ఏసీ వేసుకుని నిద్రపోతాడు, రాత్రి ఏసీ ఆపి, కిటికీలు మూసి, తాళం వేసి వెళ్తాడు. పగలంతా పడమటి గాలికీ ఎండకీ కాగిన గోడ రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. దాని పైన అడ్డూ అదుపూ లేని మ్యాట్. పొద్దున అతను వచ్చి, ఏసీ వేసుకుని, స్నానం చేసి తీరిగ్గా థర్మామీటరు చూసేసరికి 29.

కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకుని తేమ కూడా చూపే రెండు డిజిటల్ థర్మామీటర్లని ఒక రాత్రీ ఒక పగలూ పెట్టించాను. గుహ లోపల నేల మీద 43 డిగ్రీలు తేలింది. బాల్ పైథాన్‌కి వేడి చివర 31 నుంచి 33 చాలు. చల్లటి చివర 25 నుంచి 27 ఉండాలి, అక్కడ రాత్రి 36 ఉంది, పగలు 24. పగలు ఏసీ వల్ల గాల్లో తేమ 38 శాతానికి పడిపోయింది. ఈ పాముకి 60 శాతం పైన ఉండాలి. కుబుసం సరిగ్గా ఊడకపోవడానికి కారణం అది.

అంత వేడిగా ఉంటే పక్కకి జరగొచ్చు కదా అని అందరూ అడుగుతారు. పక్కన దాక్కునే చోటు లేదు. ఈ పాము వేడి భరిస్తుంది కానీ నలుగురి కళ్లబడే చోట ఉండటం భరించలేదు. పైగా పాములు పొట్ట కింద వేడిని పసిగట్టి సమయానికి తప్పుకోవడంలో అంత చురుకు కాదు. వేడి దీపాల మీదా మ్యాట్ల మీదా అలాగే పడుకుని కాల్చుకున్న పాములు పశువైద్యుల దగ్గరికి రావడం ప్రపంచమంతటా ఉన్నదే. హీట్ మ్యాట్ నిత్యం ఉండాలన్న సూచనలు ఇంగ్లండ్, అమెరికా చలికి రాసుకున్నవి. నెల్లూరు వేసవిలో ఆ మ్యాట్‌తో పనే లేదు. మార్గశిరం, పుష్యం రాత్రుల్లో మాత్రం కొంచెం అవసరం పడొచ్చు.

ఇప్పుడు చిట్టి వైపు నుంచి చూద్దాం. పొట్ట మండుతోంది. ఒక కంటికి మసక. అది రాత్రి తిరిగే జీవి. ఇంతకుముందు సాయంత్రం తొమ్మిదింటికి మెలకువగా ఉన్నప్పుడు ఎత్తుకునే మనిషి, ఇప్పుడు డ్యూటీ దిగి పొద్దున తొమ్మిదింటికి, అది నిద్రపోయే వేళ, పైనుంచి చెయ్యి పెడుతున్నాడు. పెదవుల మీది గుంటలతో ఒంటి వేడిని గుర్తించే పాము ఇది. ఏసీ గదిలో మనిషి చెయ్యి దానికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, కానీ అది యజమానిదా, గద్దదా, ఎలుకదా అన్నది మసక కంటితో నిద్రమత్తులో తెలియదు. ఎత్తితే నేరుగా కాలిన చోటే వేళ్లు నొక్కుకుంటాయి. దీన్ని కోపం అనుకున్నా పగ అనుకున్నా మనమే పెట్టిన పేర్లు.

వైద్యంలో ఒక తిరకాసు

కంటి పొర ఊడాలంటే తేమ పెంచాలి. కాలిన గాయం మానాలంటే పొట్ట కింద పొడిగా, శుభ్రంగా ఉండాలి. రెండూ ఒకేసారి కుదరవు. నేను గాయానికే మొదటి స్థానం ఇచ్చాను. కంటి పొర ఇంకో కుబుసం దాకా ఆగగలదు, గాయంలో చీము పడితే పాము ఆగదు. కొబ్బరి పీచు పొట్టు తీసేసి తెల్ల కాగితం పరిచి, తడిసిన ప్రతిసారీ మార్చమన్నాను. గాయానికి సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీము పల్చగా. ముందు ఒంట్లో నీటి కొరత సరిచేసి, ఆ తర్వాతే నొప్పి మందు మెలాక్సికామ్ మొదలుపెట్టాను. ఒళ్లు ఎండిపోయి ఉన్న పాముకి అది ముందే ఇస్తే కిడ్నీల మీద పడుతుంది. కంటికి తేమనిచ్చే జెల్ చుక్కలు మాత్రమే. కంటి పొరని సెల్లోటేపుతోనో పట్టకారుతోనో లాగేస్తామనేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పాత పొరతో పాటు కింది అసలు పొలుసు చిరిగితే కన్నే పోతుంది.

ట్యాంకుని లోపలి గోడ వైపు మార్చాం. రెండు చివరలా ఒకే రకం గుహలు పెట్టించాం. మ్యాట్ తీసేశాం. పైన జాలీ మూతని సగం కప్పి, నీళ్ల గిన్నె పెద్దది పెట్టి, నేల తడవకుండా గాలిలో తేమ పెంచాం. తిండి పెట్టి చూడటం, చేత్తో తీయడం రెండూ ఆపమన్నాను. అబ్బాయికి అన్నిటికన్నా కష్టమైంది ఆ రెండో మాటే. మందు రాసేటప్పుడు తప్ప ముట్టుకోకూడదంటే, “మర్చిపోతుందేమో సార్ నన్ను” అన్నాడు.

తల్లి మర్యాద సంగతి చెబుతానన్నాను. ఉయిదా గుడి మాట విన్నాక ఆమె శుక్రవారం సాంబ్రాణి పొగ ట్యాంకుకి కూడా చూపించడం మొదలుపెట్టింది. పాము ఊపిరితిత్తులకి పొగ పడదు. బొట్టు గాజుకి పెట్టుకోవచ్చు, పొగ మాత్రం కింది గదిలోనే అని రాజీ కుదిరింది. పాలు కూడా వద్దన్నాను, పాములు పాలు తాగవు, నీళ్లు చాలు. దీనికి ఆమె ఒప్పుకుందా లేదా అన్నది ఇప్పటికీ నాకు అనుమానమే.

కోలుకున్న తీరు

జూన్‌లో పొక్కులు ఆరి పక్కు కట్టాయి. జూలై మొదట్లో కళ్లు నీలంగా మారాయి, అంటే కుబుసం దగ్గర పడింది. అప్పటికి గాయం మూసుకుంది కాబట్టి, చల్లటి వైపు తడి నాచు నింపిన డబ్బా ఒకటి పెట్టించాను. కుబుసం ముక్కు నుంచి తోక దాకా ఒక్క తొడుగుగా వచ్చింది. తల భాగాన్ని వెలుతురులో పెట్టి చూస్తే ఎడమ కంటి దగ్గర పొర రెట్టింపు మందంగా ఉంది, పాతదీ కొత్తదీ కలిసి ఊడాయి. ఆ తర్వాతి వారం, ఫ్రీజర్ లోంచి తీసి గడ్డ కరిగించిన చచ్చిన ఎలుకని పొడుగు పట్టకారుతో చూపిస్తే, గుహ లోంచి తల పెట్టి కాసేపు నాలుకతో వాసన చూసి పట్టుకుంది. అబ్బాయి ఆ వీడియో అర్ధరాత్రి పంపాడు. (ఆ ఎలుకల కోసం తల్లి వంటింటి ఫ్రిజ్‌లో చోటివ్వనంటే మేడ మీదికి వేరే చిన్న ఫ్రీజర్ కొన్నాడు. పాము ఖర్చులో ఇది ఎవరూ లెక్కెయ్యరు.)

రెండు మూడు సార్లు సరిగ్గా తిన్నాక ఎత్తుకోనిచ్చాను. వేళ మార్పించాను: సాయంత్రం చీకటి పడ్డాక, డ్యూటీకి వెళ్లే ముందు. చెయ్యి పెట్టే ముందు హుక్కుతో మెల్లగా తాకితే ఇది తిండి కాదని పాముకి అలవాటవుతుంది. చెయ్యి పైనుంచి కాకుండా పక్కనుంచి, నడుము కింద. మొదటి రోజులు మెడ ఎస్ ఆకారంలో బిగించింది కానీ కాటు వెయ్యలేదు. ఆగస్టు వచ్చేసరికి పాత చిట్టి తిరిగొచ్చింది. అక్టోబరులో బరువు 1,490.

అయితే స్వభావం అంటూ ఏమీ లేదా?

ఉందనే నా అభిప్రాయం. ఈ ఇంట్లోనే దానికి పోలిక దొరికింది. అబ్బాయి దగ్గర ఇంకో బాల్ పైథాన్ ఉంది, మగది, పేరు బాబాయ్. దాన్ని కింద ఏసీ లేని నడిమి గదిలో, మసక ప్లాస్టిక్ డబ్బాలో, రెండు గుహలతో పెడతాడు. దానికి మ్యాట్ లేదు, షిఫ్టు మార్పు తగల్లేదు. ఆ వేసవంతా బాగా తింది. అయినా అది ఎప్పుడు ఎత్తినా బంతి చుట్టుకునే రకం. కాటు లేదు, బుస లేదు, తల మాత్రం బయట పెట్టదు. చిట్టి కోలుకున్నాక రెండింటినీ విడివిడిగా కొత్త అట్టపెట్టెలో వదిలి చూశాం. చిట్టి కాసేపటికే అంచు పట్టుకుని పైకి లేచి, నాలుక నిదానంగా, పొడుగ్గా ఆడిస్తూ గది చూసింది. బాబాయ్ మూలన చుట్టుకుని అక్కడే ఉంది. మళ్లీ చూసినప్పుడూ అదే వరస. రెండు పాములతో సిద్ధాంతం చెయ్యను. కానీ వసతి, ఆరోగ్యం సరిగ్గా ఉన్నప్పుడు కూడా నిలిచే తేడానే నేను స్వభావం అంటాను. మిగిలినదంతా ముందు థర్మామీటరుని అడగాలి.

ప్రేమ అంటారా, అక్కడ నేను ఒప్పుకోను. పాము వాసన గుర్తుపడుతుంది, ప్రమాదం లేని చేతికి అలవాటు పడుతుంది, వెచ్చగా ఉంటే చేతి మీద కదలకుండా ఉంటుంది. అబ్బాయి అడిగిన ‘మర్చిపోతుందా’ అన్న ప్రశ్నకి నా జవాబు, అలవాటు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది అని. అతను దాంతో తృప్తి పడ్డాడు. పాములు పెంచేవాళ్లలో నాకు నచ్చేది ఇదే. కుక్కలవాళ్లు నాతో ఇంత తేలిగ్గా ఒప్పుకోరు. ఇంతకీ ఎందుకు పెంచుతున్నావంటే అతను చెప్పింది కూడా అందమైన మాటేమీ కాదు: రాత్రి డ్యూటీవాడికి రాత్రి మేలుకునే జీవం ఇంట్లో ఒకటుంటే బాగుంటుంది, అరవదు, బొచ్చు రాలదు, వారం పది రోజులకోసారి తింటుంది, నాలుక ఆడించే తీరుని బట్టి ఏమనుకుంటోందో కనిపెట్టడం సరదా. మంచి పెంపకంలో ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుందని కూడా అతనికి తెలుసు. పెళ్లి సంబంధాల్లో ఆ మాట ముందే చెబుతున్నాడట. ఇంట్లో చిన్నపిల్లలుంటే పాముని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటుంది అని నేను ఇంకో మాట కలిపాను.

జాతుల సంగతికొస్తే, పైథాన్లన్నీ ఒకటి కావు. బ్లడ్ పైథాన్‌కి కరుస్తుందన్న పేరు చాలావరకు అడవి నుంచి పట్టి తెచ్చిన వాటివల్ల వచ్చింది, పెంపకంలో పుట్టినవి నయం. కార్పెట్ పైథాన్ చురుకు, ఎక్కడానికి కొమ్మలు కావాలి. రెటిక్యులేటెడ్ పైథాన్ ఆరు మీటర్లు దాటగలదు, అది మేడ మీది గదిలో పెట్టే పాము కాదు, వీడియోలో ఎంత ముద్దుగా ఉన్నా.

చివరిసారి వచ్చినప్పుడు అబ్బాయి ఫోన్‌లో ఒక పాముని చూపించి, “ఇది డ్యాన్స్ చేస్తాది సార్, భలే సరదా మనిషి, తీసుకుందామా?” అన్నాడు. బాల్ పైథాన్లలో స్పైడర్ అనే రంగు రకం అది. తల ఊగడం, ఎలుక మీదికి గురి తప్పడం, ఒక్కోసారి తిరగబడి సర్దుకోలేకపోవడం దాని లక్షణాలు. ఆ రంగునిచ్చే జన్యువుతో పాటే లోపలి చెవిలో లోపం కూడా వస్తుంది, తలలో తూకం చూసే భాగం సరిగ్గా ఏర్పడదు. వసతి ఎంత బాగున్నా అది పోదు, ఎక్కువ తక్కువలుంటాయంతే. డ్యాన్స్ కాదని చెప్పి వద్దన్నాను. మామూలు రంగుదో, తెల్ల మచ్చల పైబాల్డ్ రకమో అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ కాగితాలు ముందు, పాము తర్వాత. అంతకన్నా ముందు, డిసెంబరు వచ్చేలోపు చిట్టి పెట్టెకి థర్మోస్టాట్ పెట్టించి, దాని ప్రోబ్‌ని (వేడిని కొలిచే తీగ కొసని) గుహ లోపల నేలకి ఆనించి అతికించాక మ్యాట్ ఆన్ చెయ్యమన్నాను.